నూకరాజు పళ్ళ సందు

1897 నవంబరులో నన్ను రాజమహేంద్రవరానికి దిగువన ఏటిగట్టు మీదున్న ఒక డిస్పెన్సరీకి రెండో తరగతి హాస్పిటల్ అసిస్టెంటుగా వేశారు. ఈ హోదా ఏమిటో ఇప్పటివాళ్ళకి తెలియదు కాబట్టి చెబుతాను. జిల్లా అంతటికీ ఒక సివిల్ సర్జను దొరగారు ఉండేవారు. ఆయన కింద అసిస్టెంటు సర్జను. ఆ కింద మేము. నా కింద ఒక కంపౌండరు, ఒక బంట్రోతు, ఒక కాలు విరిగిన బల్ల ఉండేవి. నేను రాజమహేంద్రవరంలో ఎఫ్.ఏ. చదివి, చెన్నపట్నంలో వైద్యం నేర్చుకుని వచ్చినవాణ్ణి. నన్ను డాక్టరుగారని పిలిచేది రోగులు మాత్రమే. పైవాళ్ళెవరూ ఆ పొరపాటు చేయలేదు.

ఆ రోజుల్లో డిస్పెన్సరీలో పంటివైద్యమంటే పీకడమే. పట్టకార్లు మూడు ఉండేవి, వాటిలో ఒకటి పని చేసేది. పన్ను కదులుతోందా, కదపవలసి ఉందా అన్న రెండు ప్రశ్నలతో శాస్త్రం ముగిసేది. పళ్ళని పీకకుండా పక్కకి జరపవచ్చునని, జరిపే ముందు ఎక్కడికి జరపాలో బల్ల మీద పెట్టి చూసుకోవచ్చునని నాకు ఆ డిసెంబరులో తెలిసింది.

చెన్నపట్నంలో వైద్యం చేసే దంతవైద్యుడు ఒకాయన, దొర, ఏటా చలికాలంలో మా వైపు వచ్చి మూడు వారాలు ట్రావెలర్సు బంగళాలో దిగేవారు. జిల్లాలోని దొరల పళ్ళు, దొరసానుల పళ్ళు, ఆనకట్ట ఇంజనీర్ల పళ్ళు చూడటం ఆయన పని. ఆయనకి సాయంగా నన్ను ఇచ్చారు. నాకు ఇంగ్లీషు వస్తుంది, చేతులు వణకవు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం మా శాఖలో అరుదుగా భావించేవారు.

ఆయన పెట్టెల్లో పట్టకార్లకంటే ప్లాస్టరు ఎక్కువ. వేడినీళ్ళలో మెత్తబడే మైనంలాంటి ముద్దని గుర్రపునాడా ఆకారంలో ఉన్న రేకుపళ్ళెంలో నింపి, రోగి పైపళ్ళకి ఒకసారి, కిందిపళ్ళకి ఒకసారి అదిమి, తడిగుడ్డతో చల్లార్చి, విరగకుండా బయటికి తీసేవారు. దాన్ని ముద్ర అనేవారు. ఆ ముద్రలోకి పెరుగులా కలిపిన ప్లాస్టరు పోసి, గాలి బుడగలు పైకి వచ్చేట్టు బల్ల మీద తట్టి, గట్టిపడ్డాక మైనం ఒలిస్తే రోగి నోరు తెల్లగా చేతిలోకి వచ్చేది. అదే నమూనా. ఓడ మీద వచ్చేటప్పుడు చెమ్మ తగిలి ప్లాస్టరు బద్ధకిస్తుంది. అప్పుడు చిటికెడు ఉప్పు వేస్తే త్వరగా గట్టిపడుతుంది. ఆ ఉప్పు మోతాదు నేను నాలుగు రోజుల్లో పట్టేశాను. దొరగారు అది చూసి, మూడు నెలల శిక్షణ మిగిల్చావని అన్నారు. జీవితంలో నేను పొందిన పొగడ్తలు కొద్ది. వాటిలో ఇది ఉప్పుకి సంబంధించినది.

నమూనా ఎందుకని మొదటి రోజే అడిగాను. నోట్లో చూస్తే చాలదా అన్నాను. ఆయన చెప్పినది ఇది. నోట్లో నాలుక అడ్డం, పెదవి అడ్డం, వెలుతురు తక్కువ, రోగి ఓపిక అంతకన్నా తక్కువ. పైగా పళ్ళని వెనక నుంచి, నాలుక వైపు నుంచి, వైద్యుడు ఎప్పుడూ చూడలేడు. నమూనాని తిప్పి చూడవచ్చు, కొలవవచ్చు, రంపంతో కోయనూ వచ్చు. కోసిన పళ్ళని మైనంలో కావలసిన చోట నిలబెట్టి, వైద్యం అయ్యాక నోరు ఎలా ఉంటుందో వైద్యం మొదలుపెట్టకముందే చూడవచ్చు. నెలకొక నమూనా తీసి వరుసగా పెడితే పళ్ళ ప్రయాణం కనిపిస్తుంది. నమూనా అబద్ధం చెప్పదు అన్నారు. అది నిజమే. అడగనిది కూడా చెప్పదని ఆయన అనలేదు.

నూకరాజు ఆ డిసెంబరులోనే వచ్చాడు. పాతికేళ్ళవాడు, ఏటి మీద చేపలు పట్టే కుటుంబం. దవడపన్ను పుచ్చి చెంప వాచింది. వెంట వాడి భార్య సత్తెమ్మ, వాడి చిన్నాన్న పోలయ్య వచ్చారు. తండ్రి రెండేళ్ళ క్రితం జ్వరంతో పోయాడట. పడవ ఇప్పుడు పోలయ్యది.

"పన్నొకటే కాదండి, ఆడి ఏడుపు కూడా పీకెయ్యండి" అన్నాడు పోలయ్య. "పడవలో రెండ్రోజుల్నించి అదే పాట."

పన్ను దొరగారే తీశారు. తీస్తూ వాడి ముందుపళ్ళు చూశారు. పైన రెండు ముందుపళ్ళ మధ్య సందు, వడ్లగింజ నిలువుగా దూరేంత. మిగతా పళ్ళన్నీ ముత్యాల్లా ఉన్నాయి. ఇంత శుభ్రమైన కేసు చెన్నపట్నంలో దొరకదు, అక్కడివాళ్ళ నోళ్ళలో ఒక్క తప్పు ఉండదు, పది ఉంటాయి అన్నారు. ఆయన తన తోటి వైద్యుల ముందు చెప్పబోయే ఉపన్యాసానికి నమూనాలు పోగుచేస్తున్నారు. ఆ సందు ఊరికే మూసిపెడతాను, ఒప్పుకుంటాడేమో అడగమన్నారు.

నేను అడిగాను.

"మూస్తే దొరగారికి ఏమొత్తాదండి?" అన్నాడు నూకరాజు, చెంప పట్టుకునే.

"నమూనా వస్తుంది."

"నాకేమొత్తాదండి?"

"నీకు పళ్ళొస్తాయి" అన్నాను.

సత్తెమ్మ తలుపు దగ్గర చేపలబుట్ట పక్కన కూర్చుని ఉంది. "ఉన్న సందు ఉండనివ్వండి బాబూ" అంది. "ఆళ్ళ నాయనకీ ఉండేది. ఆయనేం తిండి మానేశాడా?"

ఆ మాట దగ్గర నేను ఆగి ఉండవలసింది. ఆగలేదు. ముద్రలు తీశాను, నమూనా పోశాను. మొదటిసారి పోసినప్పుడు కోరపన్ను దగ్గర గాలి బుడగ చిక్కుకుని, నమూనా మీద పులిపిరిలాంటి బొడిపె వచ్చింది. దొరగారి వరుసలో అది పనికిరాదు. మళ్ళీ ముద్ర తీసి మళ్ళీ పోశాను. బొడిపె ఉన్నదాన్ని పారేయబుద్ధి కాక మందుల బీరువాలో టర్పెంటైను సీసా వెనక పెట్టుకున్నాను.

దొరగారు రెండు రోజుల్లో ఇంకొక నకలు మీద రెండు ముందుపళ్ళూ కోసి, మైనంలో దగ్గరగా నిలబెట్టి, నాకు ఇచ్చారు. నేను దాన్ని నూకరాజు చేతిలో పెట్టాను. ఇవతల అసలు నమూనా, అవతల జరగబోయేది. వాడు రెండోదాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకంటే ముందే నా నోరు బాగుపడిందండి" అన్నాడు.

ఒప్పుకున్నాడు. నిజానికి ఒప్పించింది ఆ తెల్లటి బొమ్మే. నేను మధ్యవర్తిని మాత్రమే అని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను.

కేసు కాగితం నేనే రాశాను. పేరు, వయస్సు, కులం, వృత్తి. వృత్తి అన్న గడిలో "నదిలో విసురువలతో చేపలు పట్టుట" అని పొందికైన అక్షరాలతో రాశాను. దొరగారు చదివారు. నేను చదివాను. ఇద్దరికీ అందులో అక్షరదోషం ఏమీ కనబడలేదు.

వైద్యం ఇలా జరిగింది. ముందుపళ్ళు రెంటికీ పల్చని వెండి పట్టీలు, ఒక్కోదానికి వెనకవైపు చిన్న కొక్కెం. వాటిని మా వీధి కంసాలి నమూనా మీదే కొలతపెట్టి చేశాడు. రోగి రానక్కర్లేదు. ఆయన ఉంగరాలు చేసినవాడే కానీ పళ్ళకి చేయడం అదే మొదలు. నమూనాని రెండు వేళ్ళతో పట్టుకుని, ఇది బతికున్నవాడిదేనా అని అడిగాడు. పట్టీలు బిగించాక కొక్కేల మధ్య పట్టుదారం కట్టి, నాలుగు రోజులకోసారి విప్పి, కొంచెం బిగువుగా మళ్ళీ కట్టాలి. దారానికి బదులు రబ్బరు ఉంగరం అసలు వాడవద్దని దొరగారి ఆజ్ఞ. అది చిగురు కిందికి జారితే సందుతోపాటు పళ్ళూ పోతాయి. గట్టివి కొరకకూడదు, పళ్ళతో ఏమీ పట్టి లాగకూడదు. అందుకని ఆ చలికాలమంతా నూకరాజు వల ముట్టుకోకుండా పడవలో గడ వేశాడు. వలకీ పళ్ళకీ సంబంధమేమిటని నేను అడగలేదు.

దొరగారు క్రిస్మసుకి ముందే వెళ్ళిపోయారు. దారం నా చేతిలో ఉంది. నెలకోసారి నమూనా పోసి, ఊకలో పొదిగి, చెక్కపెట్టెలో పెట్టి కాలువ పడవ మీద కాకినాడకీ, అక్కణ్ణుంచి పొగఓడ మీద చెన్నపట్నానికీ పంపేవాణ్ణి. జవాబు వచ్చేది. ఎడమ పన్ను ఎక్కువ జరుగుతోంది, కుడివైపు ముడి వేయి. ఇలాగ. మూడువందల మైళ్ళ దూరం నుంచి ఒక మనిషి నా రోగి నోట్లో కుడి ఎడమలు చెబుతున్నాడు. నాకు అది అద్భుతంగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

ఫిబ్రవరి ఉత్తరంలో ఇంకొక మాట రాశారు. చెన్నపట్నంలో తన ఇంట్లో నమూనాల గది ఉందట. నేల నుంచి కప్పు దాకా అరలు, అరల్లో తెల్లటి నోళ్ళు, ప్రతిదానికీ అంకె. దాన్ని చూసుకోవడానికి, కొత్తవి పోయడానికి, చేయి తిరిగిన మనిషి కావాలట. ఈ కేసు చక్కగా ముగిస్తే శాఖవారికి రాసి నన్ను అడిగి తీసుకుంటారట. ఆ ఉత్తరం నేను ఎన్నిసార్లు చదివానో చెబితే వయసుకి తగదు. చూడని గదికి తలుపు ఏ పక్క ఉంటుందో, కిటికీ వెలుతురు ఏ అర మీద పడుతుందో నాకు తెలిసిపోయింది. అంతకుముందు నేను ఏ ఊరినీ, ఏ మనిషినీ అంతగా కోరుకున్నవాణ్ణి కాను.

మార్చి మొదటి వారానికి సందు మూసుకుంది. చివరి నమూనా పంపాను. దాని మీదే చెన్నపట్నంలో గట్టి రబ్బరుతో అంగిలికి పలక చేసి, ముందుపళ్ళని పట్టి ఉంచే బంగారుతీగ దానికి బిగించి పంపారు. నూకరాజుని ఎన్నడూ చూడని పనివాడు చేసిన పలక వాడి నోట్లో టక్కున కూర్చుంది. పళ్ళని జరిపి వదిలేస్తే అవి పాత చోటికి పోతాయి. అందుకని ఏడాదిపాటు రాత్రీ పగలూ పలక ఉండాలి. ఉండేట్టు చూడవలసిన బాధ్యత నాదని దొరగారు కింద గీత గీసి రాశారు.

ఏప్రిల్ రెండో వారంలో నూకరాజు వచ్చి వరండాలో నిలబడ్డాడు.

"ఏంటి నూకరాజూ, పలక పెట్టుకుంటున్నావా?"

"పెట్టుకుంటన్నానండి. పళ్ళు చాలా బాగున్నాయండి."

"మరి?"

"వల పడతం లేదండి."

నాకు అర్థం కాలేదు. వాడు భుజం మీది తుండుగుడ్డ తీసి, దాన్నే వలలా పట్టుకుని నాకు చూపించాడు. విసురువల అంటే గుండ్రటి వల. దాని అంచుతాడుకి చుట్టూ సీసపు గుళ్ళు ఉంటాయి. కొంత వల ఎడమ మోచేతి మీద, కొంత కుడిచేతిలో, మధ్యలో అంచుతాడు ఒకచోట పళ్ళ మధ్య. ఒళ్ళంతా తిప్పి విసిరితే వల గాలిలో పళ్ళెంలా విచ్చుకుని నీటి మీద పడాలి. నోట్లోని తాడు ఏ క్షణాన వదిలామన్నదాని మీదే అది పళ్ళెమా, మూటా అన్నది తేలుతుంది. అందరూ కొరికి పట్టుకుని, సమయానికి నోరు తెరుస్తారు.

"మేం నోరు తెరవమండి" అన్నాడు. "మా నాయన అలా నేర్పలేదు. తాడు సందులో కూకుంటాది. వల తిరిగి బిగిశాక అదే లాక్కుపోతాది. ఎప్పుడు వదలాలో తాడుకి తెలుసండి, మనకి తెలవక్కర్లేదు. ఇప్పుడు నేను తెలుసుకోవాల్సొస్తంది. తెలుసుకునేసరికి వల నీళ్ళలో ఉంటంది."

మర్నాడు పొద్దున్న నేను ఇసకతిన్నె దాకా వెళ్ళాను. వేసవిలో ఏరు చిక్కిపోతుంది. అక్కడ మోకాటిలోతు నీళ్ళలో విసురువలే జీవనం. నూకరాజు మూడుసార్లు విసిరాడు. ఒకసారి వల సగం విచ్చుకుంది. రెండుసార్లు పిండిన బట్టలా పడింది. చుట్టుపక్కల పడవలవాళ్ళు చూడనట్టు నటించారు. అది నవ్వడం కంటే ఎక్కువని నాకు అప్పుడు అర్థమైంది.

పోలయ్య గట్టున చుట్ట కాలుస్తున్నాడు. "మీ దొరగారికి రాయండి బాబూ" అన్నాడు. "ఈడి పలువరస సూసి మురిసిపోయి చేపలు ఒడ్డుకి రావటం లేదని."

"అలవాటవుతుందేమో" అన్నాను.

"మా అన్న వల అది. విసిరేవోడి చేతిలో ఉండాలి గానీ సూరుకి వేలాడకూడదు. ఎర్రనీరొచ్చేదాకా సూత్తాను. అప్పటికీ ఇంతే అయితే మా అల్లుడికిచ్చేత్తాను. ఈడు గడేసుకుంటాడు."

వాళ్ళలో అది ఆచారం. వల కొడుకుది కాదు, విసిరేవాడిది. ఎర్రనీరంటే ఎగువ వానలకి జూలైలో వచ్చే కొత్తనీరు. అంటే మూడు నెలలు.

నూకరాజు తిన్నె మీద కూర్చుని మిగతావాళ్ళు విసురుతుంటే చూస్తున్నాడు. అవతలివాడు ఒళ్ళు తిప్పిన ప్రతిసారీ వీడి దవడ కొంచెం కదులుతోంది. వాడికి తెలియకుండానే. నేను చాలామంది రోగుల్ని చూశాను. నొప్పి అనేది అంత స్పష్టంగా, అంత చప్పుడు లేకుండా కనబడటం తక్కువ.

డిస్పెన్సరీకి తిరిగి వచ్చి బీరువాలోంచి బొడిపె నమూనా తీశాను. సాయంత్రం వాణ్ణి పిలిపించాను. సత్తెమ్మ కూడా వచ్చింది. నమూనా చూడగానే ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇదిగో, ఈయన్నే నేను చేసుకుంది" అంది. తరవాత నవ్వడం మానేసింది.

నేను కంపాసుతో సందు కొలుస్తున్నాను. నూకరాజు కాసేపు చూసి, "కొలతెందుకండీ, తాడుందిగా" అని మొలలోంచి జనుపనార తాడుముక్క తీశాడు. వల అంచుతాడులోదే. దాన్ని ప్లాస్టరు పళ్ళ మధ్య పెట్టి కిందికి లాగాడు. తాడు జారి, ఒకచోట ఆగి, కూర్చుంది. వాడు కొంచెం గట్టిగా లాగాడు. ఊడివచ్చింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ లాగాడు. అలా ఆరేడుసార్లు చేశాడు. చూసుకుంటున్నది పళ్ళని కాదు, ఆ లాగులో ఉన్న బరువుని.

"ఇదేనండి" అన్నాడు. "దీన్నే వెనక్కి ఇప్పించండి."

దంతవైద్యంలో మొదటి నమూనా అంటే రోగం. ఆఖరిది ఆరోగ్యం. ఆ వరుసని తలకిందులు చేసి, రోగాన్ని గమ్యంగా పెట్టుకుని వైద్యం చేయమని అడిగిన రోగి నాకు తెలిసి వాడొక్కడే. చేయడం మాత్రం సులువు. దొరగారు ఏ ప్రమాదం గురించి నన్ను హెచ్చరించారో, దాన్ని జరగనిస్తే చాలు. పలక తీయాలి. పళ్ళు వాటంతట అవే పాత చోటికి బయలుదేరతాయి.

తీయమని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ చెన్నపట్నం గదిలో అరలు లెక్కపెట్టుకున్నాను. మూడో రోజు పలక తీసి సబ్బునీళ్ళతో కడిగి, కాగితంలో చుట్టి, బీరువాలో పెట్టాను.

మొదటి నెల పళ్ళు బాగా నడిచాయి. పట్టుదారం దూరేంత సందు వచ్చింది. మే నెల నమూనా పోశాను. ఆ తరవాత నెమ్మదించాయి. పళ్ళకి కూడా తిరుగుప్రయాణంలో ఇల్లు దగ్గరపడేకొద్దీ తొందర తగ్గుతుందేమో. అందుకని నూకరాజు తానే ఒక పద్ధతి కనిపెట్టాడు. దారం దూరినచోట దారం, పురికొస దూరినచోట పురికొస, సందులో పెట్టుకుని, తడిసి ఉబ్బేదాకా ఉంచుకునేవాడు. గడ వేస్తూ, వల ఎండబెడుతూ, నోట్లో తాడుతోనే. చెక్కముక్క పెట్టి సందు పెంచే పద్ధతి దొరగారి పుస్తకంలో ఉంది. జనుపనార లేదు. నేను వాడికి చెప్పింది ఒకటే, చిగురు ఎర్రబడితే ఆపమని.

జూన్‌లో దొరగారికి రాశాను. జరిగింది జరిగినట్టు రాశాను. పలక నేనే తీయించాను, రోగి నిర్లక్ష్యం కాదు అని స్పష్టంగా రాశాను. ఎందుకంటే అది రోగి నిర్లక్ష్యమని ఆయన తప్పకుండా అనుకుంటారు, అలా అనుకోనిస్తే నాకు చెన్నపట్నం దక్కేది. జూన్ నమూనా జతచేసి, అడుగున పెన్సిలుతో "గమ్యం: మొదటి నమూనా" అని రాశాను. అది కొంచెం పొగరుగా ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు సరదాగా అనిపించింది.

జవాబు ఒక పెట్టె రూపంలో వచ్చింది. నూకరాజు నమూనాలన్నీ ఊకలో పొదిగి తిప్పి పంపారు. పైన నాలుగు పంక్తులు. కేసు విఫలమైనట్టు నమోదు చేసుకున్నారు. ఉపన్యాసంలోంచి తీసేశారు. చెన్నపట్నం స్థానం గురించి ఇక రాయనవసరం లేదన్నారు. నాలుగో పంక్తిలో, వల విసిరేటప్పుడు తాడు ఏ కోణంలో లాగుతుందో వీలైతే బొమ్మ గీసి పంపమని అడిగారు. నేను గీసి పంపాను. దానికి జవాబు రాలేదు. అయినా ఆ నాలుగో పంక్తివల్ల ఆయన మీద నాకు కోపం నిలవలేదు.

జూలై మొదటి వారంలో నీరు రంగు మారింది. పోలయ్య కబురు పెట్టాడు. నేను వెళ్ళేసరికి నూకరాజు పడవ ముక్కు దగ్గర నిలబడి ఉన్నాడు. సందు పూర్తిగా రాలేదు. ముందు రోజు పోసిన నమూనాలో అంచుతాడు దిగడం లేదని నాకు తెలుసు, ఒక్క పోగు వాసి తక్కువ. ఆ మాట వాడికి చెప్పాను.

వాడు తాడు నోట్లో పెట్టుకున్నాడు. పెదవులు మూశాడు. ఒళ్ళు తిప్పాడు. వల లేచింది. విచ్చుకుంది. ఎడమ అంచు ఒకచోట కొంచెం మడత పడింది, మిగతాదంతా గుండ్రంగా ఎర్రనీటి మీద వాలింది. సీసపు గుళ్ళు ఒక్కసారిగా నీళ్ళని కొట్టిన చప్పుడు వినిపించింది. సగం విచ్చుకున్న వలకి ఆ చప్పుడు విడివిడిగా వస్తుంది.

పోలయ్య మడత పడిన చోటు చూశాడు. చుట్ట నోట్లోంచి తీశాడు. "పర్లేదులే. ఆ మూల ఉన్న చేప ఎవరికీ చెప్పదు" అన్నాడు. అల్లుడి ఊసు ఎత్తలేదు.

తాడు ఎలా దిగిందని తరవాత నూకరాజుని అడిగాను. వాడు వల తెచ్చి చూపించాడు. అంచుతాడులో నోటికి వచ్చే జానెడు మేర ఒక పోగు తీసేసి, సన్నగా మళ్ళీ పేనుకున్నాడు. పళ్ళు రాగలిగినంత దూరం వచ్చాయి. మిగతా దూరం తాడు వెళ్ళింది.

"మా నాయన విసిరినట్టు ఉండదండి" అన్నాడు. "దగ్గిరగా ఉంటాది."

మరుసటి ఏడు నన్ను భీమవరం వైపు బదిలీ చేశారు. నేను చెన్నపట్నం గది ఎన్నడూ చూడలేదు. దొరగారు తరవాత సీమకి వెళ్ళిపోయారట, ఆ అరలు ఏమయ్యాయో తెలియదు. పండగ ముందు ఇంటికి వెల్ల వేసేటప్పుడు తడి సున్నం వాసన వస్తే నాకు ఇప్పటికీ ఆ గదిలో నిలబడ్డట్టే ఉంటుంది. వెలుతురు మూడో అర మీద పడుతుంది. నూకరాజు నమూనాలు మాత్రం నా దగ్గరే ఉన్నాయి. మొదటిదీ ఆఖరిదీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలియదు. తాడు పెట్టి చూస్తే తెలుస్తుంది. వాడు ఇచ్చిన తాడుముక్క కూడా ఉంది, కానీ చివరలు చీకిపోయాయి.

ఈ కేసు నాకు నేర్పినది పనికి సంబంధించిన విషయమే. ఆ తరవాత ఉద్యోగమున్నంత కాలం నేను అడపాదడపా ముద్రలు తీశాను. ప్రతిసారీ మైనం వేడిచేసే ముందు రోగిని ఒకటి అడిగేవాణ్ణి: నీ నోటితో నువ్వు రోజూ ఏం పని చేస్తావో చేసి చూపించు. ఒక దర్జీ దారం కొరికి చూపించాడు. ఒక వడ్రంగి నాలుగు మేకులు పెదవుల మధ్య పెట్టుకుని చూపించాడు. ఒక సన్నాయి వాయించేవాడు పీక నోట పెట్టుకుని అరగంట వాయించాడు, బయట రోగులు కదలలేదు. ఆ ముగ్గురిలో ఇద్దరి పళ్ళు నేను ముట్టుకోలేదు. పళ్ళు ఎక్కడున్నాయో నమూనా చెబుతుంది. అవి అక్కడ ఏం చేస్తున్నాయో రోగిని అడగాలి. కేసు కాగితంలో వృత్తి అన్న గడి అందుకు ఉంది.